వాకిట్లో నిలబడిన పెద్ద

నేతగాళ్ల సంఘంలో నలభై మంది. పెద్ద తిరపతయ్య గద్దె మీద కూర్చుంటాడు. వాకిలి కాపు ఓబులు బయట నిలబడి, సభ్యులను పోల్చుకుని లోపలికి పంపుతాడు. కాపు లేని సభ చెల్లదు. సభ ముగిసేదాకా కాపు బయటే ఉండాలి.

వచ్చిన ప్రతివాడూ ఓబులుతో నవ్వుతూ నాలుగు మాటలాడేవాడు. నలభై నవ్వులూ వాడికి, నాకు మాత్రం మొక్కుబడి దండాలా అని తిరపతయ్య కడుపు రగిలింది. ఒకనాడు ఉడుకుమోత్తనంలో కట్టుబాటు మరచి, నిండు సభలోకి ఓబులును పిలిచాడు.

"నిలబడటం కూడా ఒక పనేనా? నిన్ను తీసేస్తున్నాం, పో!"

"చిత్తం పెద్దయ్యా. కానీ నేను లోపలుంటే వాకిట్లో కాపేడీ? ఈ తీర్మానం చెల్లాలంటే ఎవరో ఒకరు బయట నిలబడాలి కదా!"

సభ వదిలి వెళ్లడానికి ఒక్కడూ లేవలేదు.

"ఆమాత్రం నేను నిలబడలేనా?" తిరపతయ్య విసురుగా బయటికి పోయి తలుపు మూశాడు.

పెద్ద తర్వాతి వాడైన చిన్నపెద్ద గద్దెనెక్కి అడిగాడు. "ఓబులును తీసేయాలన్నవాళ్లు చేతులెత్తండి."

ఒక్క చెయ్యీ లేవలేదు. సభంతా గొల్లున నవ్వింది.

బయట తిరపతయ్య తలుపు బాదాడు. "ఏమిట్రా ఆ నవ్వులు? తలుపు తీయండి!"

"సభ ముగియనీ పెద్దయ్యా," అన్నాడు ఓబులు లోపలి నుంచి. "పద్నాలుగేళ్లుగా నేనూ అక్కడే నిలబడి, వీళ్లెందుకు నవ్వుతున్నారో తెలియక కుళ్లుకున్నాను."