జగ్గారాయుడి టేపు

మంగవేణి మొహానికి నీలం రంగు పూసుకోవడం అయిపోయింది. ఇక కిరీటం పెట్టుకోవాలి. అది పక్కన పడేసి, చెవుల్లో వైర్లు పెట్టుకుని, ఒకే పద్యం మళ్లీ మళ్లీ వింటోంది.

అది జగ్గారాయుడు గారి పద్యం. కృష్ణుడి వేషానికి ఆ చుట్టుపక్కల జిల్లాల్లో ఆయన్ని మించినవాడు లేడని పేరు. ఆయన పోయి చాలా కాలమైంది. మిగిలింది ఒక్క టేపు. టేపు నుంచి క్యాసెట్టుకీ, క్యాసెట్టు నుంచి ఫోనుకీ ఎక్కి, నాటకాల్లో పద్యం పాడేవాళ్లందరి చెవుల్లోనూ అదే మోగుతోంది. మంగవేణి అయితే అది వినకుండా స్టేజీ ఎక్కదు.

ఇవాళ మాత్రం వింటున్నకొద్దీ కిరీటం వైపు చెయ్యి వెళ్లడం లేదు.

ఎలా వెళ్తుంది మరి? పోయినేడు ఇదే ఊళ్లో, ఇదే స్టేజీ మీద, రాయబారం సీనులో పద్యం చివర గొంతెత్తేసరికి ఫట్టున చీలిపోయింది. జనం సర్దుకుపోయేవాళ్లే. కళాపరిషత్తు ప్రెసిడెంటు లోకనాథం గారు సర్దుకుంటారా! మైకు అందుకుని, "అది జగ్గారాయుడు గారు పాడిన పద్యం. ఆడపిల్లకి ఆడవేషం ఇవ్వండయ్యా బాబూ" అనేశారు. హాలంతా గొల్లుమంది. నెత్తిన కిరీటంతో నిలబడి ఆ నవ్వంతా మింగింది పాపం.

ఈసారీ చీలిందో, కృష్ణుడి వేషం ఇంకొకరికి వెళ్లిపోతుంది. నాటక సమాజం మేనేజరు బస్సు దిగుతూనే ఆ మాట మొహానే చెప్పేశాడు.

ఇంతలో పరదా తప్పించుకుని లోకనాథం గారే లోపలికొచ్చారు. ఇస్త్రీ మడత నలగని పంచె, భుజాన కండువా.

"ఏమ్మా, సిద్ధమేనా? ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకు. ఆ ఆరున్నర శ్రుతి అందరికీ అందేది కాదు. జగ్గారాయుడు గారొక్కరికే చెల్లింది. నువ్వు ఐదున్నరకి దించుకుని పాడుకో. ఆడపిల్ల కదా అని మైకులో నేనే చెప్పి జనాన్ని ఒప్పిస్తాను."

మంగవేణి చెవుల్లోంచి వైర్లు తీసింది. "మీరు ఆయన నాటకం చూశారా అండీ?"

"చూడ్డం కుదర్లేదుగానీ, టేపు వెయ్యిసార్లు విన్నాను. ఆహా, ఆ లేత గొంతు! ఇంకెవడికొస్తుంది?"

కండువా సర్దుకుంటూ వెళ్లిపోయారు. ఆయన పట్టిన కుందేలుకి మూడే కాళ్లు, ఎవరు మాత్రం ఏం చెబుతారు?

మూలన పెట్టె మీద కూర్చుని టీ ఊదుకుంటున్నారు గవరయ్య మాస్టారు. సమాజానికి హార్మోనిస్టు. మంగవేణికి మొదటి పద్యం చెప్పింది ఆయనే. వయసులో ఉన్నప్పుడు జగ్గారాయుడు గారి నాటకాలకి వాయించినవాడు కూడా. మనిషి నోరు విప్పడం తక్కువ.

"మాస్టారూ, ఐదున్నరే పెట్టండి" అంది మంగవేణి. "ఆయనెక్కడ, నేనెక్కడ! రోజూ తెల్లారకుండా లేచి, ఇంట్లోవాళ్ల చేత తిట్లు తిని, ఆ మెట్టు కోసమే కదా ఏడ్చాను. ఇంట్లో అందుతుంది. ఇక్కడికొచ్చేసరికి ఆయన నా నెత్తిమీద నిలబడి వింటున్నట్టుంటుంది. నావల్ల కాదు."

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టారు. హార్మోనియం ముందుకు లాక్కున్నారు.

"ఆ ఫోను పైకి వినపడేట్టు పెట్టు."

పెట్టింది. పద్యం మొదలైంది. మాస్టారు ఐదున్నర మెట్టు నొక్కారు.

"కలిసిందా?"

"కలవలేదు."

ఆరున్నర నొక్కారు.

"ఇప్పుడు?"

"కలిసింది. అదే కదా ఆయన శ్రుతి."

మాస్టారు వేలు తీసి, మళ్లీ ఐదున్నర మీద పెట్టారు. ఈసారి నొక్కలేదు, ఊరికే ఉంచారు.

"ఆ టేపులో మోగే హార్మోనియం ఇదే. వాయించింది నేనే. ఆ వేళ నా వేలు ఇక్కడుంది."

మంగవేణికి అర్థం కాలేదు. ఫోను వంకా, ఆ వేలి వంకా మార్చి మార్చి చూసింది.

"నాటకం మధ్యలో కరెంటు పోయింది" అన్నారు మాస్టారు. "టేపు పెట్టినవాడు బ్యాటరీల మీద తిప్పాడు. ఆ బ్యాటరీలు సగం చచ్చినవి. మిషను ఈడ్చుకుంటూ తిరిగింది. నెమ్మదిగా ఎక్కినదాన్ని తర్వాత మంచి మిషనులో వేస్తే ఏమవుతుంది? పరిగెడుతుంది. పరిగెడితే గొంతు పైకి లేస్తుంది. లేత గొంతట! ఆయన గొంతు గంగాళం. గుమ్మంలో నిలబడి పిలిస్తే వీధి చివర కుక్క ఉలిక్కిపడి లేచేది."

"అయితే ఆరున్నరలో..."

"ఆయన పాడలేదు. నాకు తెలిసి ఈ పద్యం ఆ మెట్టు మీద ఎవడూ పాడలేదు."

ఫోనులో జగ్గారాయుడు గారు ఇంకా పాడుతూనే ఉన్నారు. మంగవేణి దాని నోరు నొక్కేసింది. నీలం రంగు కింద మొహం ఎర్రబడినా తెలియదుగానీ, మాట మాత్రం నిప్పులా వచ్చింది.

"మీకు తెలుసు. తెలిసీ నన్ను ఇన్నేళ్లు గోడకేసి కొట్టారు. పోయినేడు ఊరంతా నవ్వుతుంటే ఆ పక్కనే కూర్చున్నారు, నోట్లోంచి ఒక్క ముక్క రాలేదు. ఏం మాస్టారూ, నేనేం పాపం చేశాను?"

"ఆయన పాడలేదని ముందే చెబితే, నువ్వు ఆ మెట్టు ఎక్కుదువా?" అన్నారు మాస్టారు.

మంగవేణి కోపం ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. కానీ అది మాస్టారి వైపు తిరిగి లేదు.

రెండో గంట కొట్టారు. బయట మైకు గరగరమంది. లోకనాథం గారి గొంతు.

"సహృదయులైన ప్రేక్షకులకి మనవి. ఇవాళ కృష్ణుడి వేషం అమ్మాయి కట్టింది. జగ్గారాయుడు గారి శ్రుతి అందుకోవడం ఎవరివల్లా కాదు కాబట్టి, అమ్మాయి ఐదున్నరకి దించుకుని పాడుతుంది. పెద్ద మనసుతో మన్నించాలి."

జనంలో చిన్న నవ్వు లేచింది. ఎవరో ఈల కూడా వేశారు.

మాస్టారు ఐదున్నర మీద పెట్టిన వేలు కదపలేదు. దించుకుంటే భయం లేదు. పద్యం నల్లేరు మీద బండిలా సాగిపోతుంది, వేషం దక్కుతుంది, జగ్గారాయుడి శ్రుతిలోనే పాడినట్టూ అవుతుంది. ఎవడైనా కాదంటే సాక్ష్యానికి మాస్టారున్నారు.

మంగవేణి కిరీటం తీసి నెత్తిన పెట్టుకుంది. అద్దం చూడకుండానే ముడి బిగించింది.

"ఆరున్నర పెట్టండి మాస్టారూ."

"దించుతున్నావని చెప్పేశాడు కదా ఆయన."

"ఆయన చెప్పాడు. నేను చెప్పలేదు."

"చీలితే?"

"చీలనీండి. అక్కడిదాకా వెళ్లి చీలిన మొదటి గొంతు నాదే అవుతుంది. నవ్వేవాడెవడో రమ్మనండి, వాడూ ఓసారి ఎక్కి చూస్తాడు."

తెర లేపే మూడో గంట మోగింది. గవరయ్య మాస్టారు లేచి, హార్మోనియం ఎత్తుకుని, తెర పక్క తన చోటుకి వెళ్లి కూర్చున్నారు. గుండీలు పెట్టుకోని చొక్కా చేతులు పైకి మడిచి, ఆరున్నర మీద వేలు ఆనించి గట్టిగా నొక్కారు.