సూరిశెట్టి కారు డిక్కీ

అనకాపల్లి బెల్లం మార్కెట్లో తన నీడను కూడా నమ్మని సూరిశెట్టి అనే వర్తకుడు ఒకాయన ఉండేవాడు.

ఆయనకో తెల్లకారు ఉండేది. దాని బానెట్‌కి గొలుసు చుట్టి తాళం వేశాడు. ఎందుకయ్యా అంటే, మెకానిక్కులు మంచి సామాను పీకేసి పాతవి బిగిస్తారట! టైర్లలో గాలి కొట్టించేవాడు కాదు. గాలి కొట్టేవాడు పనిలో పనిగా మేకు దింపుతాడట! ఇక దుకాణంలో తూకం రాళ్ళ సంగతి సరేసరి. గుమస్తాలు వాటిని అరగదీశారేమోనని అనుమానం వచ్చినప్పుడల్లా కొత్తవి కొనేవాడు. పాతవి అమ్మితే ఎవరైనా తిప్పి తన దుకాణంలోకే చేరుస్తారని భయం. అందుకని వాటిని కారు డిక్కీలో పడేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకునేవాడు.

డ్రైవరు పైడిరాజు తొమ్మిదేళ్ళుగా ఆ కారు నడుపుతున్నాడు. "బాబూ, బండి వెనక్కి కుంగిపోతోందండి. డిక్కీ ఓసారి తీసి చూద్దామండి" అని ఎన్నిసార్లో చెప్పాడు.

"నీ చూపు రోడ్డు మీద ఉండాలి గానీ నా డిక్కీ మీద ఎందుకురా?" అని శెట్టి కసురుకునేవాడు.

లీటరుకు పదిహేను కిలోమీటర్లు నడిచే కారు పన్నెండుకు దిగింది. తర్వాత తొమ్మిదికి దిగింది. పెట్రోలు ఎవరో కొట్టేస్తున్నారని శెట్టికి అనుమానం వచ్చింది. భార్య మంగతాయారుది బొట్టుబిళ్ళ ఒకటి తెచ్చి, పెట్రోలు ముల్లు ఎక్కడుందో సరిగ్గా అక్కడ అద్దం మీద అతికించాడు. తెల్లారి చూస్తే ముల్లు బిళ్ళ దగ్గరే ఉంది. బండి కదిలితేనే దిగుతోంది.

"ఓహో, దారిలో అమ్ముకుంటున్నాడన్నమాట!" అనుకుని మర్నాడు డ్రైవరు పక్కనే కూర్చుని నర్సీపట్నం దాకా వెళ్ళొచ్చాడు. దారి పొడుగునా కళ్ళార్పలేదు. అయినా ముల్లు దిగింది. "అమ్మో! నేను పక్కనుండగానే కొట్టేశాడంటే వీడెంత గజదొంగ!" అని తేల్చేసుకున్నాడు. ఇంతకన్నా విడ్డూరం ఎక్కడైనా ఉంటుందా?

ఆ సాయంత్రమే మార్కెట్లో అందరి ముందూ కేకలేశాడు. "పెట్రోలు దొంగ! నమ్మి బండి చేతికిస్తే నాకే కన్నం వేస్తావట్రా?"

పైడిరాజు ముఖం నల్లబడిపోయింది. బండి తాళాలు కాటా పళ్ళెంలో పెట్టి వెళ్ళిపోయాడు. ఆ మాట ఊరంతా పాకింది. ఏ షావుకారూ అతనికి బండి ఇవ్వలేదు. స్టీరింగు తిప్పిన చేతులతో అదే మార్కెట్లో బెల్లం దిమ్మలు మోసుకుంటూ బతకాల్సి వచ్చింది, పాపం.

శెట్టి కారు తనే నడపడం మొదలెట్టాడు. వారం తిరిగేసరికి లీటరుకు ఎనిమిదే వచ్చింది. దొంగ వెళ్ళిపోయాడు, దొంగతనం మాత్రం ఆగలేదు! బంకు వాళ్ళ మీద అనుమానం వచ్చి లీటరు సీసా పట్టుకెళ్ళి కొలిపించాడు. కొలత చుక్క కూడా తగ్గలేదు. చివరికి వంటింటి గుమ్మంలో నిలబడి, "తాయారూ, కొంపదీసి నువ్వు గానీ..." అని నసిగాడు.

"అవునండీ, పప్పులో పోపు పెట్టడానికి పెట్రోలే వాడుతున్నాను!" అంది మంగతాయారు గరిటె ఎత్తి. శెట్టి చల్లగా జారుకున్నాడు.

ఒక రోజు రైలు వంతెన ఎక్కబోతుండగా పెట్రోలు అయిపోయి కారు ఆగిపోయింది. వంతెన కిందే గౌరీశ్వరరావు మెకానిక్కు షెడ్డు ఉంది. దారినపోయే నలుగురు కలిసి కారును అక్కడికి తోశారు. తోసినవాళ్ళకి చెమటలు పట్టాయి. "ఇదేం కారండీ బాబూ, ఏనుగును తోసినట్టుంది!" అన్నాడొకడు.

గౌరీశ్వరరావు బానెట్ తాళం తీయించాడు. గాలి వడపోసే ఫిల్టరు దుమ్ముతో అట్ట కట్టుకుపోయి ఉంది. "ముక్కు మూసి పరుగెత్తమంటే ఎలా పరుగెత్తుతుందండీ?" అన్నాడు. టైరు మీద బొటనవేలు పెట్టి నొక్కితే మెత్తగా లోపలికి దిగింది. తర్వాత డిక్కీ తెరవమన్నాడు.

"అది కుదరదు!" అన్నాడు శెట్టి మొలతాడు పట్టుకుని.

"దొంగను పట్టుకోవాలా, వద్దా?"

దొంగ అనేసరికి శెట్టి చేతిలోకి తాళంచెవి దానంతటదే వచ్చేసింది. డిక్కీలోంచి ఇనప రాళ్ళు ఒక్కొక్కటే దించారు. లెక్కేస్తే రెండు వందల నలభై కిలోలు తేలాయి.

"షావుకారుగారూ, నలుగురు మనుషుల్ని టిక్కెట్టు లేకుండా తిప్పుతున్నారు. పెట్రోలు తాగింది వీళ్ళే!" అన్నాడు గౌరీశ్వరరావు. చుట్టూ ఉన్నవాళ్ళు పకపకా నవ్వారు.

శెట్టి మాత్రం నవ్వలేదు. "బండి వెనక్కి కుంగిపోతోందండి" అన్న పైడిరాజు గొంతు చెవిలో గింగురుమంది. సిగ్గుతో చచ్చిపోయాడు.

ఫిల్టరు మార్చి, టైర్లలో గాలి నింపాక, ఆ వారం కారు లీటరుకు పద్నాలుగు నడిచింది. శెట్టి నేరుగా మార్కెట్‌కి వెళ్ళి, దిమ్మ మోస్తున్న పైడిరాజును పక్కకు పిలిచి, "తప్పు నాదేరా. రేపట్నించి బండెక్కు" అని గొణిగాడు.

పైడిరాజు దిమ్మ దించి చెమట తుడుచుకున్నాడు. "దొంగ అన్నప్పుడు ఊరంతా వినేలా అన్నారు కదండి బాబూ. ఇప్పుడు చెవిలో చెబుతున్నారేంటండి?"

శెట్టి కాటా బల్ల ఎక్కి నిలబడి, "అయ్యల్లారా! పైడిరాజు దొంగ కాడు! పెట్రోలు తగలేసింది నేనూ, నా అనుమానమూను!" అని గొంతు చించుకుని అరిచాడు. దిగి వచ్చి కారు తాళాలు పైడిరాజు చేతిలో పెట్టాడు.

"డిక్కీది కూడా ఇవ్వండి బాబూ" అన్నాడు పైడిరాజు.

శెట్టి మొలతాడుకున్న తాళంచెవి విప్పి ఇచ్చాడు. పైడిరాజు చాచిన చెయ్యి వెనక్కి తీయలేదు.

"జేబులో రెండోది ఉంటుంది. అదీ ఇవ్వండి."

మార్కెట్టంతా గొల్లుమంది. శెట్టి కూడా నవ్వేస్తూ దాన్నీ ఇచ్చేశాడు. అప్పట్నుంచి ఆ డిక్కీలో ఇనప రాయి చేరలేదు, పైడిరాజును మళ్ళీ ఎవరూ దొంగ అనలేదు.

ఎదుటివాడిని దొంగ అనే ముందు మన డిక్కీ మనం తెరిచి చూసుకోవాలి. పదిమందిలో వేసిన నిందను పదిమందిలోనే కడగాలి.