పనసాకు మీద ఓటు

తొక్కు తొక్కు తోడికోడలా, గట్టు తొక్కవే,
ఎర్రనీరు వచ్చేదాకా ఎండ ఉన్నదే,
కాలు... కాలు...

ఆ కాలు ఏమయిందో గుర్తు రాలేదు నాకు. చిన్నప్పుడు మా అమ్మ వెనకాల గట్టు మీద గెంతుకుంటూ పాడినదాన్నే. మొదటి రెండు చరణాలూ నోట్లోనే ఉన్నాయి. మూడోది మాత్రం ఎక్కడో మేతలో కలిసి వెళ్లిపోయింది. అది మరిచిపోవడం వల్ల ఎంత పని జరిగిందో చెబుతాను, నవ్వుకుందురుగాని. పలక మీద రాస్తున్నాను. పలక ఎందుకో చివరికి మీకే తెలుస్తుంది.

నేను మేకని. గోదావరి మధ్య లంకలో మా కాపురం. మనవలు, మునిమనవలు కలిపి ఎందరో లెక్క నాకు రాదు. అక్షరాలు మాత్రం వచ్చు. పాలు ఉడిగిపోయాక నన్ను బడి కిటికీ కింద కట్టేసేవారు. మొదట్లో పిల్లల పుస్తకాలు తిన్నాను. తర్వాత చదివాను. మొదటిసారి నేలమీద గిట్టతో ‘మేక’ అని రాసుకున్న రోజు చూడాలి నా సంబరం! ఇంత ఒళ్లు, ఇంత గడ్డం, రెండు కొమ్ములు, అన్నీ రెండక్షరాల్లో పట్టేశాయే అని పొద్దస్తమానం దాని చుట్టూ తిరిగాను. తిరిగి తిరిగి నేనే తొక్కి చెరిపేశాను.

మా లంక చుట్టూ మట్టిగట్టు ఉంది. గట్టుకి లోపల మా మేతబీడు, బయట గోదావరి. వానాకాలం మొదట్లో నదికి ఎర్రనీరు, అంటే కొత్త వరద, తగులుతుంది. అంతకు ముందు ఒక రోజు అందరం తూర్పు కొసన గట్టెక్కి, పడమటి కొసదాకా నడిచేవాళ్లం. అక్కడ తడి ఒండ్రుమట్టి పరిచి ఉంటుంది. ఆ ఏడు గట్టుకి కావలి ఎవరు ఉండాలనుకుంటే వాళ్ల వైపు ఒక్క అడుగు వేసి దిగాలి. ఎవరి అడుగు ఎటు పడిందో పట్టపగలు అందరికీ కనిపిస్తుంది. దాన్ని గట్టు తొక్కుడు అంటాం. ఎనిమిదేళ్లుగా ఎద్దు బావే కావలి. ఆయన మాట తక్కువ. ఏమైనా అడిగితే ఒకసారి తల ఆడించి, ఇంకాస్త నమిలి, అప్పుడు చెప్పేవాడు.

ఆ ఏడు నక్కబాబు కూడా నిలబడ్డాడు. తొక్కుడుకి నాలుగు రోజుల ముందు మా పాక ముందుకొచ్చి వంగి దణ్ణం పెట్టాడు.

“మామ్మగారూ, ఈ లంకలో చదువుకున్నవాళ్లు ఎవరండీ?”

నేను అటూ ఇటూ చూశాను. ఎవరూ కనిపించలేదు. “నేనే బాబూ,” అన్నాను సిగ్గుపడుతూ.

“మరి మీరుండగా ఇంకా ఈ కాళ్ల గుర్తులేమిటండీ? మోకాళ్ల నొప్పులతో మీరు అంత గట్టు నడవాలా? బాతమ్మ గుడ్లు వదిలి రావాలా? ఓటు ఇంటి దగ్గరికే రావాలి గానీ!”

“ఎలా వస్తుంది?”

“మీరే తేవాలి. గుమ్మం గుమ్మానికీ వెళ్లి ఆకు మీద ముల్లుతో ఓటు వేసేవాళ్ల పేరు రాసుకురండి. ఎద్దుగారికి వేసేవాళ్లకి పనసాకు. ఆయన పెద్దమనిషి కదా, మంచి ఆకు ఉండాలి. నాకు వేసేవాళ్లకి అడ్డసరం ఆకు చాలండి. చేదాకు. నా బతుక్కి అది ఎక్కువ.”

ఎంత వినయం! నా కళ్లు చెమర్చాయి. మేక పుటక పుట్టి కూడా ఆ రెండు ఆకుల తేడా నాకు తట్టలేదు చూడండి. పనసాకంటే మాకు పాయసం. అడ్డసరం ఆకు ఆకలితో చచ్చినా ముట్టం. ఈ సంగతి నిన్న పుట్టిన మేకపిల్లకి తెలుసు. నక్కబాబుకి తెలుసు. చదువుకున్నదాన్ని నాకే తెలియలేదు.

ఎద్దు బావ దగ్గరికి పోయి చెప్పాను. ఆయన చాలాసేపు నమిలాడు.

“తొక్కుడు పెద్దల నాటిది మేకమ్మా. ఎందుకు పెట్టారో తెలుసుకోకుండా తీసెయ్యకూడదు.”

“ఎందుకు పెట్టారు బావా?”

“మా నాయన చెప్పాడు, పాటలోనే ఉందని. నాకు గొంతు లేదు, నేను పాట పట్టించుకోలేదు. నీకు పాట వచ్చుగా?”

“రెండు చరణాలు వచ్చు.”

“మూడోది?”

“అందులో ఏముంటుంది బావా, లల్లాయి పదాలు,” అని కొట్టి పారేశాను. “కాలం మారింది. మనం కూడా మారాలి.” ఈ మాట నాది కాదు. బడి కిటికీలోంచి విన్నాను. వాడే చోటు దొరికిందని వాడేశాను.

“నేను ఒప్పుకోను గానీ, నలుగురూ అటే అంటే అడ్డం పడను,” అన్నాడు ఆయన. నలుగురూ అటే అన్నారు. నడక తప్పుతుందంటే వద్దనేవాళ్లు ఎవరు?

గంప మెళ్లో వేసుకుని బయల్దేరాను. గాడిద మరిది పడుకునే అడిగాడు. “ఏంటొదినా, నేను లేవక్కర్లేదా?”

“అక్కర్లేదు మరిదీ. పేరు చెప్పు చాలు.”

“పేరు కూడా నువ్వే చెప్పుకో. ఎద్దన్నకి రాసెయ్.” మళ్లీ కునుకు తీశాడు.

అతని పేరులో ఒక దీర్ఘం పోయింది. దీర్ఘం లేని ఆకు ఎవరైనా చూస్తే నా పరువు ఏం కాను? ఇంకో ఆకు మీద సరిగ్గా రాసి, తప్పు రాసిన ఆకు నోట్లో వేసుకున్నాను. అదీ మొదలు. అబ్బ, ఏం ఆకు! లేతగా, నూనె రాసినట్టు నిగనిగలాడుతూ.

అందరివీ రాసి, చివర నాది కూడా రాసుకున్నాను. నేను ఎవరికి వేశానని అడక్కండి. నన్ను చదువుకున్నదాన్ని అన్నది ఎవరు?

గంప తెచ్చి పాకలో పెట్టుకున్నాను. లెక్క మర్నాడు. మధ్యాహ్నం ఎండ, గంపలోంచి కమ్మటి వాసన. ఇంకో దీర్ఘం ఏమైనా పోయిందేమో ఒకసారి చూద్దామని తీశాను. ఒక ఆకు మీద ఒత్తు వంకరగా ఉంది. తిన్నాను. ఇంకోదాని మీద సున్నా పెద్దదయింది. తిన్నాను. తర్వాతది బాగానే ఉంది గానీ, అంత బాగా నేనే రాశానా అని అనుమానం వచ్చింది. సాయంత్రానికి నా అంత కచ్చితంగా తప్పులు దిద్దిన పండితుడు ఈ గోదావరి జిల్లాల్లో ఉండడు.

మర్నాడు పనసాకులు నాలుగు తేలాయి. అడ్డసరం ఆకులు ఆరు.

“మనం పందొమ్మిది మందిమి కదా, పదేనా?” అన్నాడు గాడిద మరిది.

“మిగతావాళ్లకి బద్ధకం అండీ,” అన్నాడు నక్కబాబు తల వంచుకుని. “మన లంక సంగతి మీకు తెలియనిదా?”

అందరూ నమ్మేశారు. పక్కవాడికి బద్ధకమంటే నమ్మనిది ఎవరు? గట్టు మీద అయితే ఎవరి అడుగు ఎక్కడ పడిందో అందరూ చూసేవాళ్లు. ఇప్పుడు ఎవరికి వాళ్లు, నేను వేశాను, వీళ్లే మాట తప్పారని ఒకరినొకరు ఓరగా చూసుకున్నారు.

బాతు కోడలు నా చెవి దగ్గరికి వచ్చింది. “అత్తా, నాది ఎద్దు మావకే. నా ఆకు ఉందా?”

“ఉందమ్మా,” అన్నాను. అబద్ధం కాదు. ఎక్కడుందో చెప్పలేదు, అంతే.

నక్కబాబు కావలి అయ్యాడు. ఎర్రనీరు తగిలే రోజుల్లో బాతుల గుడ్లు కావలివాడి దిబ్బ మీద దాచడం మా ఆనవాయితీ. బాతు కోడలు తన ఏడు గుడ్లూ అప్పగించి వచ్చింది. “గట్టెక్కి ఎవరూ శ్రమ పడకండి. గడ్డి కూడా ఇంటికే పంపిస్తాను,” అని చాటించాడు. గడ్డి రాలేదు. ఎర్రనీరు వచ్చింది.

మూడో రోజు పొద్దున్న బాతు కోడలు పరుగెత్తుకొచ్చింది. “అత్తా, బీడు లోపల తడి ఊరుతోంది. నా గుడ్లు ఏడింటికి నాలుగే ఉన్నాయి. అడిగితే, మూడు పగిలి పిల్లలు ఈదుకుంటూ వెళ్లిపోయాయి అంటాడు. నువ్వు అర్జీ రాయి.”

“రాస్తాను, ఉండు.” పాకలో మిగిలిన పనసాకు ఒకటి తీసి ‘అయ్యా’ అని రాశాను. తర్వాత ఏం రాయాలా అని ఆలోచిస్తూ ఉండిపోయాను. ఆలోచించేటప్పుడు నోరు ఊరుకోదు కదా.

బాతు కోడలు కళ్లు గుండ్రంగా చేసుకుని నన్నే చూస్తోంది. “అత్తా... అర్జీ ఏది?”

నా నమలడం ఆగిపోయింది.

“మొన్న నా ఆకు...” అంది మెల్లిగా.

ఆ పిల్ల తిట్టినా బాగుండేది. తిట్టలేదు. ముక్కు కిందికి దించుకుని, “నేను గట్టెక్కి ఉంటే నా కాలు నువ్వు తినగలిగేదానివి కాదు కదత్తా,” అంది. ఇన్నేళ్ల నా చదువులో అంత సూటి మాట వినలేదు.

ఇద్దరం ఎద్దు బావ దగ్గరికి పోయాం. అంతా చెప్పేశాను. ఆయన ఈసారి అసలు నమలలేదు.

“ఎన్ని తిన్నావు?”

“నాకు అక్షరాలే వచ్చు బావా, అంకెలు రావు.”

ఆయన ముట్టె వణికింది. కోపమనుకుని కళ్లు మూసుకున్నాను. నవ్వు అట. “కావలి ఎవరన్నది తర్వాత. నీళ్లు గట్టు దగ్గరున్నాయి. పదండి, తొక్కుదాం.”

అందరం తూర్పు కొసకి చేరాం. గాడిద మరిది కూడా లేచి వచ్చాడు. నక్కబాబు ఎదురొచ్చాడు. “ఎన్నిక అయిపోయింది కదండీ, మళ్లీ ఇదేమిటి?”

“ఎన్నిక అయింది. తొక్కుడు అవలేదు,” అన్నాడు ఎద్దు బావ. “కావలి ముందు నడవాలి. నీ అడుగులో మేం అడుగు వేస్తాం. దొరగారు కదా, దారి చూపించండి.”

అంతమంది ముందు కాదంటే ఎలా? నక్కబాబు తోక ఎత్తి నడిచాడు. నడిచి నడిచి, గట్టు మధ్యకి రాగానే ఎగిరి ఒక్క దూకు దూకి అవతల పడ్డాడు. చీమల బారు తొక్కకూడదని కాబోలు, ఎంత సున్నితం అనుకున్నాను. అప్పటికీ నాకు బుద్ధి రాలేదు.

ఎద్దు బావ ఆగాడు. సరిగ్గా నక్కబాబు దూకిన చోట కాలు మోపాడు. మోకాలి దాకా దిగబడింది.

దిగబడగానే మా అమ్మ గొంతు నా తలలో ఖంగుమంది. “కాలు దిగిన చోటు చూసి కేక వెయ్యవే!” అని గట్టిగా పాడేశాను. అదే మూడో చరణం! మా పెద్దవాళ్లు ఓటు కోసమని అందరినీ నడిపించి, ఆ నడకతో గట్టుని గట్టిపరిచారు. కన్నం ఉంటే ఎవరో ఒకరి కాలికి దొరికేది. ఓటూ, కావలీ ఒకే పనిలో కుట్టి పెట్టారు. నేను ఆ దారం పీకి, అభివృద్ధి అనుకున్నాను.

గట్టు కడుపులో నక్కబాబు కొత్త బొరియ. అందులో గుడ్డు పెంకులు, చివర్లో సన్నగా ఊరుతున్న ఎర్రనీరు. బాతు కోడలు పెంకుల్ని ముక్కుతో ఒక్కొక్కటే తడిమి చూసుకుంది. తర్వాత దిబ్బ మీదికి పోయి మిగిలిన నాలుగు గుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది.

సాయంత్రందాకా మట్టి తెచ్చినవాళ్లు తెచ్చారు, తొక్కినవాళ్లు తొక్కారు. మనకెందుకులే అన్నవాళ్లు లేరు. నేను తొక్కుతూ పాడాను, మూడు చరణాలూ. బొరియ పూడింది. జారుకోబోయిన నక్కబాబు నది వైపు చిక్కుకుపోయి, కొట్టుకొచ్చిన దుంగ ఎక్కాడు. దుంగ కదిలింది.

“నా ఆకులు లెక్కపెట్టండి! నేను గెలిచాను!” అని అరుస్తూ పోయాడు.

“ఆరూ ఉన్నాయి బాబూ!” అని నేనూ అరిచాను. “ఒక్కటి కూడా ముట్టలేదు!”

పడమటి కొసన ఒండ్రు మీద అందరి అడుగులూ ఎద్దు బావ వైపే పడ్డాయి. నా అడుగు వేసేటప్పుడు నాకు నేనే భయపడి, వంగి వాసన చూశాను. మట్టివాసనే. తినబుద్ధి కాలేదు.

పిల్లలు నీతి ఏమిటి మామ్మా అంటే నేను ఒక్కటే చెబుతాను. మన కాలు వెళ్లాల్సిన చోటికి మన కాలే వెళ్లాలి, సుఖంగా ఉంటుందని ఇంకొకరికి అప్పగించకూడదు.

ఎద్దు బావ ఆ ఏడు గట్టు కాచాడు. చలికాలం వచ్చేసరికి లేవలేకపోయాడు. చివరి రోజు పొద్దున్న ఎండ పడే చోట పడుకుని ఉంటే పక్కన కూర్చుని, పెద్దల నాటివి ఎన్ని మరిచిపోయామో బావా అన్నాను. ఆయన చాలాసేపు నమిలాడు. నోట్లో ఏమీ లేదు, ఊరికే అలవాటు. తర్వాత నా వైపు తిరిగాడు.

“ఆ పాట మూడు చరణాలూ రాసి పెట్టు మేకమ్మా. చదువుకున్నదానివి. ఆకు మీద మాత్రం రాయకు.”