వరహాలమ్మగారి మాట్లాడే పేక

అనగనగా ఒక ఊళ్ళో రాజూ లేడు, రాణీ లేదు. ఉన్న రాజులూ రాణులూ అందరూ పేకముక్కల్లోనే ఉండేవాళ్ళు. కాళ్ళు దుప్పట్లోకి లాక్కో, చెబుతాను.

ఆ ఊళ్ళో రైలుకట్ట పక్క వీధిలో ముగ్గురు ఆడవాళ్ళు. పెద్దావిడ వరహాలమ్మగారు, డెబ్భై దాటాయి. ఎదురింట్లో తాయారు, యాభై ఏళ్ళ మనిషి. పక్కింట్లో నూకరత్నం, ఆవిడ గొంతు స్టేషను దాకా వినిపించేది. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరహాలమ్మగారి వరండాలో చాప పరుచుకుని ముగ్గురూ రమ్మీ ఆడేవాళ్ళు. ఓడినవాళ్ళు టీ పెట్టాలి, అంతే పందెం.

కొన్నాళ్ళకి వరహాలమ్మగారికి చూపు తగ్గింది. ఆఠీను ఏదో డైమను ఏదో తెలిసేది కాదు. పేక బీరువాలో పెట్టేసి, "ఇంక నా ఆట అయిపోయిందర్రా" అన్నారు.

అప్పుడు ఆవిడ మనవరాలు హైమ, కాకినాడలో ఇంజినీరింగు చదువుతున్న పిల్ల, సెలవులన్నీ కూచుని ఒక పెట్టె తయారుచేసింది. మధ్యలో పెట్టె, దాంతో పాటు మూడు పలకలు. ముక్కలు కలిపేదీ పెట్టే, పంచేదీ పెట్టే. ఎవరి ముక్కలు వాళ్ళ పలక మీద కనిపిస్తాయి. పారేసిన ముక్క పెట్టె మీద వెలుగుతుంది. బామ్మ పలకకి మాత్రం చెవుల్లో పెట్టుకునే బొత్తాలు రెండు ఇచ్చింది. ఆవిడ పలక మీద వేలు పెడితే చాలు, ఆ ముక్క పేరు చెవిలో చెబుతుంది. ఎవరు ఏ ముక్క పారేశారో, దాన్ని ఎవరెత్తారో కూడా చెబుతుంది. అదీ హైమ గొంతుతోనే. "ఇస్పేటు ఏడు బామ్మా", "ఆఠీను రాణి బామ్మా". ఆట పండిందంటే "అయిపోయింది బామ్మా, షో చెప్పు" అంటుంది.

వరహాలమ్మగారు ఒక్క బొత్తామే పెట్టుకునేవారు. రెండో చెవి కబుర్లకి కావద్దూ మరి! రెండో బొత్తాం డబ్బాలో పడుండేది.

ఇంక తాయారు సంగతి. పాపం, ఎన్నడూ గెలిచేది కాదు. రాని ముక్క కోసం కాచుక్కూచోవడం ఆవిడకో జబ్బు. ఏడాదిన్నర బట్టీ టీ ఆవిడదే. నూకరత్నం ఏకంగా పేరే మార్చేసింది. నడివీధిలో నలుగురిలో "ఏమే టీ తాయారూ!" అని కేకేసేది. తాయారు పైకి నవ్వేసేది. ఇంటికెళ్ళి ఆ ఉక్రోషమంతా గిన్నెల మీద చూపించేది. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి గెలవాలని ప్రాణం కొట్టుకునేది.

ఒకనాడు చాప పరుస్తుంటే డబ్బాలోంచి ఆ రెండో బొత్తాం జారిపడింది. ఎలా ఉంటుందో చూద్దామని తాయారు చెవిలో పెట్టుకుంది. ఇంతలో ఆట మొదలైంది. వరహాలమ్మగారు పలక మీద వేలు పెట్టారు. "డైమను రాజు బామ్మా" అని తాయారు చెవిలో వినిపించింది!

తీసెయ్యాలా, వద్దా? తీసెయ్యాలి కదూ. నీకు తెలుసు, తాయారుకీ తెలుసు. చెయ్యి చెవి దాకా వెళ్ళింది కూడా. ఈ ఒక్క ఆటేలే అనుకుని, జుట్టు సవరించుకున్నట్టు నటించి చెవి కప్పేసుకుంది. తను పిన్నిగారూ అని పిలిచే వరహాలమ్మగారి దగ్గర ఏ ముక్కలున్నాయో తెలిశాక వాటి కోసం కాచుకోవడం మానేసింది. ఆవిడ పారేసేదేదో ముందే కనిపెట్టి జోడు దాచుకుంది. గెలిచింది! ఆ పూట టీ నూకరత్నం పెట్టింది. తాయారుకి కాళ్ళు నేల మీద నిలవలేదు.

రెండో రోజు బొత్తాం దానంతటది జారిపడలేదు. తాయారే తీసింది. అదిగో, అక్కడ నాకు ఆవిడంటే ఒళ్ళు మండుతుంది.

మళ్ళీ గెలిచింది. తాయారు కన్నా వరహాలమ్మగారు ఎక్కువ మురిసిపోయారు. అప్పటికప్పుడు హైమకి ఫోన్ చేసి, "మన తాయారు వరసగా రెండ్రోజులు గెలిచిందే!" అని, ఫోన్ తాయారు చేతికిచ్చారు. "చూశావా అత్తా, నా పెట్టెకి అందరూ ఒకటే" అని అటునుంచి ఆ పిల్ల నవ్వింది. రెండు రోజులుగా చెవిలో వింటున్న గొంతే అది. తాయారుకి తల కొట్టేసినట్టయింది.

ఆ తర్వాత వరహాలమ్మగారు నూకరత్నం వైపు తిరిగి, "రేపు కూడా గెలిస్తే నువ్వు దాన్ని ఇంకెప్పుడూ ఆ పేరు పెట్టి పిలవకూడదు. సరేనా?" అన్నారు. నూకరత్నం సరేనంది. ఇంక తాయారు ఆశకి హద్దు లేదు. ఈ ఒక్కరోజూ పెట్టుకుని మానేస్తానని తనకి తనే ఒట్టేసుకుంది.

మూడో రోజు ఆట గట్టిగా సాగింది. వరహాలమ్మగారు పారేసిన కళావరు ఎనిమిదీ, తర్వాత పదీ తాయారు ఎత్తుకుంది. ఇంక మధ్యలో తొమ్మిది ఒక్కటి వస్తే చాలు, షో. ఆ తొమ్మిది పిన్నిగారి దగ్గరే ఉందని చెవిలో విననే వింది.

అప్పుడు వరహాలమ్మగారు ఒక ముక్క ఎత్తారు. "అయిపోయింది బామ్మా, షో చెప్పు" అంది హైమ గొంతు.

ఇంకేముంది, ఓడిపోయాననుకుంది తాయారు. కానీ వరహాలమ్మగారు షో చెప్పలేదు. బొత్తాం మళ్ళీ చెప్పింది, "అయిపోయింది బామ్మా." ఆవిడ పలక మీద వేలు మెల్లిగా జరుపుకుంటూ వెళ్ళి, పండిన ఆటని పాడుచేసుకుని, కళావరు తొమ్మిది తీసి పారేశారు. ఏమీ ఎరగనట్టు, "ఊ, ఎత్తవే తాయారూ" అన్నారు.

తొమ్మిది పెట్టె మీద వెలుగుతోంది. వేలు ఆనిస్తే చాలు, ఆ పేరు పోతుంది. తాయారు చెయ్యి లేవలేదు. కళ్ళు లేని పెద్దావిడని మూడు రోజులు మోసం చేశాను, ఆవిడేమో నా కోసం గెలిచే ఆట వదులుకుంటోంది అనుకుంది. సిగ్గుతో చచ్చిపోయింది. ఆ తొమ్మిదిని అక్కడే వదిలేసి వేరే ముక్క ఎత్తుకుంది.

అలా ఇద్దరూ గెలవకుండా కూచుంటే, చెత్త ముక్కలు పెట్టుకున్న నూకరత్నం ఒకటొకటే కూర్చుకుని "షో!" అని కేకపెట్టింది. పెట్టి ఊరుకుందా? వీధంతా చెప్పడానికి పరిగెత్తింది.

వరండాలో ఇద్దరే మిగిలారు. తాయారు చెవిలో బొత్తాం తీసి వరహాలమ్మగారి అరచేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని తడిమి చూశారు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఎన్నాళ్ళ బట్టే?" అన్నారు.

"మూడ్రోజులు పిన్నిగారూ."

"అయితే నా షో కూడా విన్నావా?"

"విన్నాను."

"విని కూడా తొమ్మిది ఎత్తలేదే?"

"చెయ్యి రాలేదు పిన్నిగారూ. నాకు మీ మొహం చూడాలంటే సిగ్గుగా ఉంది."

వరహాలమ్మగారు గాల్లో చెయ్యి చాచి, తాయారు చెంప తడిమి, చెవి దొరకపుచ్చుకుని మెలేశారు. పలక విరగ్గొట్టిన పిల్లకి పంతులుగారు మెలేస్తారే, అలాగన్నమాట. యాభై ఏళ్ళ మనిషి "అబ్బా" అని కూడా అనకుండా తలొంచుకు కూచుంది.

అప్పుడు వరహాలమ్మగారు తాయారు చెయ్యి తీసుకుని తన చెవి మీద పెట్టుకున్నారు.

"ఇప్పుడు నాది మెలెయ్యి. నీ అంతట నువ్వు గెలవలేవని జాలిపడ్డాను. నాకు ముక్కలు కనిపించకపోయినా ఇన్నాళ్ళూ నువ్వు నాతో మామూలుగా ఆడావు కదా, నేను నీతో అలా ఆడలేకపోయాను. నాదీ దొంగాటే."

తాయారు మెలెయ్యలేదు. ఆ ముసలి చెవి పట్టుకునే వెక్కివెక్కి ఏడ్చింది.

కథ కదిలింది కంచికి,
ముక్క చేరింది పేకకి,
తల వాలింది దిండుకి,
మనం వచ్చాం ఇంటికి.