దొరకని ఆకుకూరలు

పూర్వం ఒక సంస్థానంలో ఆకుకూరలమ్మే గవరమ్మ, పాలిపోయిన కూతురు పైడమ్మను తీసుకుని ఆస్థాన వైద్యుడు సోమయాజులుగారి ఇంటికి వెళ్ళింది. లోపల దివానుగారి కొడుక్కీ అదే నీరసం. పొన్నగంటి కూర, మునగాకు పప్పు, రాగిజావ అంటూ వైద్యుడు దివానుగారికి గడియసేపు విడమరిచి చెప్పాడు. అరుగు మీదున్న గవరమ్మకు సగం మాటలే వినబడ్డాయి.

ఆమె వంతు వచ్చేసరికి ఆయన పిల్ల నాలుక చూసి, చూర్ణం పొట్లం ఇచ్చి వెళ్ళమన్నాడు.

"ఏం పెట్టాలో చెప్పలేదు బాబూ."

"చెప్పి ఏం లాభం? అవన్నీ మీకెక్కడ దొరుకుతాయి?"

గవరమ్మ గొంతు పెంచకుండానే అంది.

"అయితే దివానుగారికీ దొరకవు బాబూ. వాళ్ళింటికి రోజూ ఆకుకూరలు ఇచ్చేది నేనే. మా పెరట్లో లేనివి ఎక్కణ్ణించి తేను? వారి పల్లకీ ఇంకా వాకిట్లోంచి కదల్లేదు, ఆ మాట చెప్పేసి వస్తాను."

ఆమె గుమ్మం దాటబోతుంటే సోమయాజులు కంగారుగా లేచాడు.

"ఆగు గవరమ్మా, కూర్చో."

ఏది ఎంత పెట్టాలో, ఎలా వండాలో మొదటినుంచీ చెప్పాడు. గవరమ్మ రెండుసార్లు చెప్పించుకుంది.

మర్నాటినుంచి ఆమె కోసిన మొదటి కట్ట అమ్మకానికి పోలేదు. పైడమ్మ పప్పులోకి పోయింది.