డిక్కీలో దీపం

మదనపల్లెలో చెంగల్రాయుడు అనే టమాటా వ్యాపారి ఉండేవాడు. ఏది చెడినా ముందు ఒక మనిషిని తప్పుపట్టేవాడు, కారణం తర్వాత వెతికేవాడు, చాలాసార్లు వెతికేవాడే కాదు.

ఆయనకు ఇరవై ఏళ్ల నాటి తెల్ల కారు ఒకటి ఉండేది. దాన్ని గంగులప్ప అనే డ్రైవరు పదకొండేళ్లుగా నడుపుతున్నాడు. గంగులప్ప మితభాషి. ఇంట్లో మంచాన పడ్డ ముసలి తల్లి తప్ప అతనికి ఎవరూ లేరు.

ఆ వేసవిలో కారుకు ఒక రోగం పట్టుకుంది. సాయంత్రం బాగానే ఉండేది. తెల్లారి తాళం తిప్పితే కిక్కురుమనేది కాదు. నలుగురు తోస్తే గాని కదిలేది కాదు.

"ఎక్కడో కరెంటు కారిపోతోందయ్యా. ఒక పూట బండిని ఖాదర్ బాషా దగ్గర వదిలితే చూస్తాడు" అన్నాడు గంగులప్ప. ఖాదర్ బాషా ఆ ఊళ్లో కార్ల ఎలక్ట్రీషియన్.

"వదలడానికి నాకు తీరికెక్కడిది?" అన్నాడు చెంగల్రాయుడు.

ఒకరోజు మేనకోడలి పెళ్లికి బయలుదేరితే కారు టమాటాలు అమ్మే మండీ గేటు దగ్గరే మొరాయించింది. ముహూర్తం దాటిపోయింది. చెంగల్రాయుడికి ఒళ్లు మండిపోయింది. మండీలో హమాలీలు, డ్రైవర్లు, రైతులు చూస్తుండగానే కేకలు వేశాడు.

"కార్లో కూర్చుని రేడియో వింటూ నిద్రపోతున్నావు. బ్యాటరీ అందుకే చస్తోంది!"

"నేను రేడియో ముట్టుకోలేదయ్యా."

"పైగా అబద్ధాలా? పదకొండేళ్లు పాముకి పాలు పోశాను. తాళం అక్కడ పెట్టి పో!"

గంగులప్ప తాళం కారు బానెట్ మీద పెట్టి తల వంచుకుని వెళ్లిపోయాడు. ఆ మాట సాయంత్రానికల్లా అతని వీధికి చేరింది.

చెంగల్రాయుడు కొత్త బ్యాటరీ వేయించాడు. కారును తనే నడుపుకున్నాడు. నాలుగో రోజు తెల్లారేసరికి కొత్త బ్యాటరీ కూడా చచ్చిపోయి ఉంది. ఈసారి తిట్టడానికి ఎవరూ లేరు. అయినా మూడు వారాలు తోయించుకుంటూ తిరిగాడు. చివరికి ఖాదర్ బాషాను పిలిపించాడు.

ఖాదర్ బాషా బ్యాటరీ తీగ ఒకటి ఊడదీసి, మధ్యలో చిన్న బల్బు కలిపాడు. కార్లో అన్నీ ఆపేసి ఉన్నా ఆ బల్బు వెలిగింది, అంటే కరెంటు ఎక్కడికో పోతూనే ఉంది. ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ వచ్చాడు. ఆరోది పీకగానే బల్బు ఆరిపోయింది. ఆ ఫ్యూజును మళ్లీ పెట్టి, అది కరెంటు పంపే వైపు వెనక సీటు తీసి, చెంగల్రాయుణ్ణి లోపలికి చూడమన్నాడు.

మూసిన డిక్కీలో ఒక దీపం వెలుగుతూ ఉంది.

"మూత వేస్తే ఆరిపోవాలి. స్విచ్ తుప్పు పట్టి ఇరుక్కుపోయింది. ఎన్నాళ్లుగా వెలుగుతోందో!" అన్నాడు ఖాదర్ బాషా.

చెంగల్రాయుడు ఆ మధ్యాహ్నమే గంగులప్ప ఇంటికి వెళ్లాడు. గంగులప్ప గుండు చేయించుకుని ఉన్నాడు. లోపల మంచం ఖాళీగా ఉంది.

"తప్పు నీది కాదు గంగులప్పా, స్విచ్‌ది. ఈ రోజే తెలిసింది" అన్నాడు చెంగల్రాయుడు.

"నాది కాదని నాకు ఆ రోజే తెలుసు కదయ్యా" అన్నాడు గంగులప్ప.

గంగులప్ప లోపలి మంచం వైపు చూశాడు.

"మా అమ్మకి తెలియదు. 'పెద్దాయన ఊరికే అంటాడా? నిజం చెప్పరా' అని రోజూ అడిగేది. ఎంత చెప్పినా నమ్మలేదు. పోయి పన్నెండు రోజులైంది."

"మళ్లీ పనిలోకి రా గంగులప్పా. మండీలో అందరి ముందూ నేనే చెప్తాను."

"చెప్పండయ్యా. నేను మాత్రం రాలేను."

చెంగల్రాయుడు మర్నాడు మండీ గేటు దగ్గర నిలబడి జరిగింది అందరికీ చెప్పాడు. విన్నవాళ్లు తలలూపి పనుల్లోకి వెళ్లిపోయారు. వినాల్సిన ముసలామె మాత్రం లేదు.

కారణం వెతకకుండా మనిషి మీద నింద వేయకూడదు. నిజం తర్వాత బయటపడినా, నింద చేరిన చోటికల్లా అది చేరదు.