నేల వదిలిన పైడితల్లి

జోగారావు మాస్టారి దగ్గర ఫొటోలు తీయడం నేర్చుకునేవాళ్లు ఏదైనా ప్రశ్న అడిగితే, ఆయన వెంటనే జవాబు చెప్పేవారు కాదు. విన్నట్టు తల ఊపి, చేతిలో ఉన్న పని చూసుకునేవారు. కొందరు దాన్ని గర్వం అనుకునేవారు.

ఒకసారి విశాఖపట్నంలో కాస్‌ప్లే సమ్మేళనం జరిగింది. బొమ్మల కథల్లోని వీరుల వేషాలు సొంతంగా తయారుచేసుకుని, వాటిని కట్టుకుని తిరిగేవాళ్ల పండుగ అది. మాస్టారు తన శిష్యురాలు కౌముదిని వెంటబెట్టుకుని వెళ్లారు. పొద్దుటి నుంచీ ఆమెకు ఒక్క ఫొటో కూడా కుదరలేదు. హాల్లో దీపాలు మసకగా, పచ్చగా ఉన్నాయి. కత్తి ఎత్తినవాడి వెనక ఎవరో ఒకరు ఐస్‌క్రీం తింటూ కనబడేవారు. ఎగిరి దూకినవాళ్లు ఆ వెలుతురులో అలుక్కుపోయేవారు. ముసుగు వేసుకున్నవాళ్లకైతే ఎటు దూకాలో కూడా తెలిసేది కాదు.

చివరికి ఆమె విసిగిపోయింది. "మాస్టారూ, ఏదీ కలిసిరాని చోట, ఎగురుతుండగానే తీయాలనే ఈ మొండితనం దేనికి? నిలబెట్టి తీసేసి, ఇంటికెళ్లాక కంప్యూటర్లో గాలిలోకి లేపేస్తే సరిపోదా?"

మాస్టారు తల ఊపారు.

అంతలో ఒకావిడ వాళ్ల దగ్గరికి వచ్చింది. పేరు పైడితల్లి. ఆడపిల్లల హైస్కూల్లో ఆటల టీచరు, యాభైకి దగ్గరపడిన మనిషి. ఒకప్పుడు జిల్లా తరఫున వాలీబాల్ ఆడింది. మోకాలు దెబ్బతిన్నాక మానేసింది. పాత యోగా మ్యాట్లు కత్తిరించి, వెండిరంగు పూసి చేసుకున్న కవచం తొడుక్కుని ఉంది.

"ఇది ఏ కథలో పాత్రండీ?" అంది కౌముది.

"ఏ కథలోనూ లేదమ్మా. నేను చేశాకే పుట్టింది. గాలివానతో కలబడే మనిషి. ఎగురుతున్నట్టు ఒక్క ఫొటో కావాలి. ఎవర్ని అడిగినా నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడమంటున్నారు."

"నిలబడితే చాలండీ. కంప్యూటర్లో నేను లేపుతాను."

"కంప్యూటర్ లేపితే, లేచింది నేనెలా అవుతానమ్మా?"

మాస్టారు చుట్టూ చూశారు. పక్కగోడకు పెద్ద అద్దాల తలుపు ఉంది. బయటి ఎండ అక్కడి గచ్చు మీద పడుతోంది. ఆయన అక్కడికి నడిచి, ఉతికిన తెల్లచొక్కాతోనే నేల మీద వెల్లకిలా పడుకుని కెమెరా కంటికి ఆనించారు. జనం ఆయన్ని తప్పుకుని నడవసాగారు. కౌముది సిగ్గుపడి కాస్త దూరంగా నిలబడింది.

పైడితల్లి ఆయన ఎదుట దూకడానికి సిద్ధమైంది. ఇది చూసి గార్డు వచ్చాడు. "మేడమ్, ఇక్కడ ఎగరకూడదండి."

ఎదురుగానే కొందరు కుర్రాళ్లు కర్రలు తిప్పుతూ గెంతుతున్నారు. పైడితల్లి వాళ్లను చూపించింది.

"వాళ్లంటే కుర్రాళ్లండి. మీ వయసుకి..."

"ఆ మాట గోడ మీద రాయించండి. చదివాక ఆగుతాను."

అని ఆమె దూకింది. కాళ్లు నేలకు తగలగానే భుజం మీది కవచం ఊడి చప్పుడు చేస్తూ దొర్లిపోయింది. ఎవరో నవ్వారు. కౌముది పరుగున వచ్చి కెమెరా తెరలోకి వంగి చూసింది. ఫొటోలో పైడితల్లి జుట్టు మొహానికి అడ్డం పడింది. ఒక చెయ్యి మసకబారింది. పాదాలు నేల నుంచి బెత్తెడు కూడా లేవలేదు.

"ఇది చెరిపేద్దాం మాస్టారూ," అంది.

పైడితల్లి కెమెరా అందుకుని చెమట తుడుచుకుంటూ చాలాసేపు చూసింది. "చెరపకమ్మా. పాదాల కింద వెలుతురు కనబడుతోంది చూడు. ఈ మోకాలితో ఇంక నేల వదల్లేనన్నారు. వదిలాను."

కెమెరా మాస్టారికి ఇచ్చేసి, ఊడిన కవచాన్ని చున్నీతో భుజానికి బిగించి కట్టుకుంది. "ఇంకోసారి దూకుతాను," అంది, గార్డు వైపు చూడకుండానే.

గార్డు ఫోన్ తీసి పైవాళ్లను పిలవసాగాడు. కౌముది కంగారుపడింది. "మాస్టారూ, వాళ్లొస్తే మనల్ని బయటికి పంపేస్తారు. ఏం చేద్దాం?"

మాస్టారు కెమెరా నుంచి కన్ను తీయలేదు.

"రా, పక్కన పడుకో," అన్నారు. "ఇక్కణ్ణుంచి ఆవిడ బాగా కనిపిస్తోంది."